ఆ కడుపునొప్పి అబద్ధం కాదు

మా చిన్నమ్మ వాళ్లది ఇందల్వాయి. రెండేళ్ల కింద దసరా సెలవులు అయిపోయాక, నాలుగో తరగతి చదివే మా తమ్ముడు బడికి పోనని మొండికేశాడు. పొద్దున యూనిఫాం చూస్తే చాలు, కడుపునొప్పి, వాంతులు. ఆదివారం మాత్రం ఏమీ ఉండదు. స్కానింగ్ నార్మల్, రక్తపరీక్ష నార్మల్. "నకరాలు చేస్తుండు" అన్నారు కొందరు, "దిష్టి తగిలింది" అన్నారు ఇంకొందరు. చివరికి పిల్లల డాక్టరే నిజామాబాద్‌లో ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. "నా కొడుక్కేమన్న పిచ్చా?" అని చిన్నమ్మ ఏడ్చింది. తోడు పోయింది నేనే. అక్కడ చూసిందీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ ఇది.

ముందుగా ఒక తేడా. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ శాఖలో చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. మాటలు, ఆటలు, పరీక్షలే వాళ్ల పనిముట్లు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందా అని అడగడంలో తప్పు లేదు.

మొదటి రోజు ఆ మేడం ఎక్కువసేపు మాట్లాడింది చిన్నమ్మతోనే. కాన్పు ఎట్లయింది, నడక, మాట ఎప్పుడొచ్చాయి, నిద్ర ఎట్లుంది, ఇంట్లో ఎవరెవరున్నారు, ఇది ఎప్పుడు మొదలైంది? తర్వాత వాడొక్కడినే కూర్చోబెట్టి ఆడించింది. అప్పుడు బయటపడింది. దసరాకు వచ్చిన చిన్నాయన తిరిగి దుబాయ్ పోయింది వీడు బడిలో ఉన్నప్పుడు. ఏడుస్తాడని చెప్పకుండా పోయాడు. బడికి పోతే అమ్మ కూడా పోతుందని వీడి భయం.

భయం పేగులనూ కదిలిస్తుంది కాబట్టి నొప్పి నిజమే. ఇంట్లో ఉంచితే నొప్పి తగ్గుతుంది, కానీ మర్నాటికి భయం ఇంకా పెరుగుతుంది. మన భాషలో ఇది లూప్. దాన్ని తెంచడానికి ఇచ్చిన ప్లాన్‌లో సగం పని పెద్దవాళ్లదే. మొదటి వారం గేటు దాకా, తర్వాత ఒక గంట, తర్వాత మధ్యాహ్నం దాకా. టీచర్‌కు ముందే చెప్పాలి. ఇంట్లో ఉన్న రోజు ఫోన్, కార్టూన్లు బంద్. ఎప్పుడొస్తానో చెప్పి, చెప్పిన టైముకే రావాలి. చిన్నాయన రోజూ ఒకే టైముకు వీడియో కాల్ చేయాలి. చెప్పకుండా ఎందుకు పోయాడో తనే చెప్పాలి.

"పొద్దంతా బీడీల చాట ముందే ఉంటిని, వాణ్ని చూసుకోలే" అంది చిన్నమ్మ. "తప్పెవరిదో తేల్చడానికి రాలేదమ్మా. మీకు నిద్ర పడుతోందా?" అని అడిగింది మేడం. అప్పటిదాకా ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు.

ఫీజు కట్టలేనివాళ్లకూ దారులున్నాయి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్, 14416, ఉచితం. ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు, అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను చూసి, అవసరమైతే పై ఆసుపత్రికి పంపుతాయి. ఎదుగుదల, తెలివి వెనకబడిన పిల్లల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది. పిల్లల మీద హింస జరుగుతుంటే 1098కి చేయండి.

తమ్ముడు పూర్తిగా బడికి పోవడానికి ఆరు వారాలు పట్టింది. కొన్ని సోమవారాలు ఇప్పటికీ కష్టమే. మొన్న దసరాకు వచ్చిన చిన్నాయన, పోయే రోజు తెల్లవారుజామున వాణ్ని లేపి చెప్పి పోయాడు. వాడు బాగా ఏడ్చాడు. తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకొని బడికి పోయాడు.