పిక్క పట్టేస్తుంది, గుండె ఎందుకు పట్టేయదు?

కబడ్డీ ఆడుతుంటే పిక్క పట్టేస్తుంది. నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకునే గుండె అలా బిగుసుకుపోదు. రెండూ చారల కండరాలే. కానీ హృదయ కండర కణం పొట్టిగా, శాఖలతో ఉంటుంది. బైపీసీ తమ్ముళ్ళు పరీక్షలో ఇంటర్‌కాలేటెడ్ డిస్కులు గీసి, పేరు రాసి వదిలేస్తారు. అసలు సంగతి అక్కడే ఉంది. వాటిలోని గ్యాప్ జంక్షన్ల గుండా విద్యుత్ ప్రేరణ కణం నుంచి కణానికి పాకి, అన్నీ కలిసి సంకోచిస్తాయి. ప్రేరణ అందాక సుమారు పావు సెకను పాటు కణం మరో ప్రేరణకు లొంగదు. అందుకే గుండె ముందు సడలి, రక్తం నింపుకున్నాకే మళ్ళీ సంకోచిస్తుంది.

ఈ కణంలో దాదాపు మూడో వంతు మైటోకాండ్రియాలే. ఆక్సిజన్ అందకపోతే ఎక్కువసేపు బతకదు. చనిపోయిన చోట మచ్చ మిగులుతుందే గాని కొత్త కండరం దాదాపుగా రాదు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఛాతీ నొప్పి, చెమటలు వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోబెట్టకండి, 108కి ఫోన్ చేయండి.