ఆరు ఏపీ క్లాసులు అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయి డాలస్ దగ్గర పబ్లిక్ స్కూల్లో పదో గ్రేడు. వచ్చే ఏడాది ఆరు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) క్లాసులు తీసుకుంటే కాలేజీలో ఏడాది కలిసొస్తుందని మావాళ్లంటున్నారు. నిజమేనా?
– ఓ తల్లి, ఫ్రిస్కో

జవాబు: కలిసిరావచ్చు. అయితే అది క్లాసుల సంఖ్యను బట్టి కాదమ్మా, చేరబోయే కాలేజీని బట్టి. మే నెలలో జరిగే ఏపీ పరీక్షకు 1 నుంచి 5 దాకా స్కోరిస్తారు. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా సబ్జెక్టులకు 3 వచ్చినా క్రెడిట్ ఇస్తారు. అదే ఎంఐటీలో అయితే కాల్‌క్యులస్ బీసీలో 5 వస్తేనే మొదటి కాల్‌క్యులస్ కోర్సు తప్పుతుంది. ఏపీ కంప్యూటర్ సైన్స్‌కు అక్కడ క్రెడిట్టే లేదు. డాక్టర్‌ని చేయాలనుకుంటే (మనవాళ్లలో అనుకోనిదెవరు!) ఇంకో మెలిక ఉంది: బయాలజీ, కెమిస్ట్రీలకు ఏపీ క్రెడిట్‌ను ఒప్పుకోని మెడికల్ స్కూళ్లున్నాయి.

ఏపీ కాకుండా ఇంకో దారి, హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీ ద్వారా చేసే డ్యుయల్ క్రెడిట్ కోర్సులు. వీటికి ఒకే పరీక్షతో తేలిపోయే గండం తక్కువ, కానీ గ్రేడు కాలేజీ రికార్డులో ఉండిపోతుంది. పదహారేళ్లప్పుడు వచ్చిన ‘సి’ మెడికల్ స్కూల్ అప్లికేషన్‌లోనూ కనబడుతుంది. ఏపీ స్కోరు తగ్గితే మాత్రం చాలా కాలేజీలకు పంపకుండా ఊరుకోవచ్చు.

ఆరు వద్దు. అమ్మాయికి ఇష్టమున్న మూడు చాలు. అవి ఎంచుకునే ముందు, మీరనుకుంటున్న కాలేజీల వెబ్‌సైట్లలో ఏపీ క్రెడిట్ పట్టిక చూడండి.