మధుమేహమునకు లెక్కపుస్తకము



సంఘమునుండి అప్పు పుచ్చుకొన్న సభ్యుడు తన పాసుపుస్తకమును చూచుకొనడేని, వడ్డీ యెంత పెరిగినదియు వాయిదా దినమువఱకు అతనికి తెలియదు. మన యిండ్లలో షుగరు అని పిలుచుకొను మధుమేహవ్యాధియు అట్టిదే. అది మొదట నొప్పి పెట్టదు, పని మాన్పింపదు. కాని లోలోపల కండ్లను, మూత్రపిండములను, గుండెను, పాదముల నరములను చెఱచుచుండును. కావున లెక్క చూచుకొనుట దీని చికిత్సలో ముఖ్యభాగము. ఆ లెక్క చూపు పనిముట్లు నేడు పల్లెలకును వచ్చినవి. వానిని వాడు విధమును, వాని హద్దును తెలుపుటయే యీ పాఠము యొక్క ఉద్దేశము.

వ్యాధి వ్యాప్తి

భారతీయ వైద్య పరిశోధన మండలి సహాయముతో జరిగి 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్లమందికి మధుమేహము కలదు. మఱి 13 కోట్లకు పైబడినవారు దాని అంచున నున్నారు. పట్టణములలో పెద్దవారు నూటికి 16 మందికిని, గ్రామములలో నూటికి 9 మందికిని ఈ వ్యాధి యున్నట్లు తేలినది. కావున “పొలము పని చేయువానికి షుగరు రాదు” అను మాటను నమ్మి పరీక్ష మానరాదు. 30 ఏండ్లు దాటిన ప్రతివారును ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమున పరీక్ష చేయించుకొనవలెను.

అంకెల అర్థము

రక్తములోని చక్కెరను డెసిలీటరునకు ఇన్ని మిల్లీగ్రాములని కొలుతురు. పరగడుపున 100కు లోపున్న ఆరోగ్యము. 100 మొదలు 125 వఱకు హెచ్చరిక. 126 గాని అంతకు మించి గాని యున్న మధుమేహము. వ్యాధి కలదని నిర్ణయించుట ప్రయోగశాల పరీక్షవలననే జరుగవలెను గాని ఇంటి యంత్రము వలన కాదు.

హెచ్‌బీఏ1సీ అను పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును తెలుపును. ఇంటి పరీక్ష నాటి రొక్కపు చిట్టా వంటిది. హెచ్‌బీఏ1సీ మూడు నెలల జమాఖర్చు వంటిది. రెండును కావలెను. చికిత్స పొందువారిలో చాలమందికి పరగడుపున 80 మొదలు 130 వఱకును, భోజనము మొదలిడిన రెండు గంటలకు 180 లోపును, హెచ్‌బీఏ1సీ 7 లోపును ఉండవలెనని వైద్యులు చెప్పుదురు. వృద్ధులకును గర్భవతులకును గమ్యము వేఱు. దానిని వైద్యుడే నిర్ణయించును.

యంత్రమును వాడు విధము

గ్లూకోమీటరు అఱచేతిలో ఇముడు చిన్న యంత్రము. వ్రేలిచివర ప్రక్కభాగమున సూదితో గ్రుచ్చి, ఒక బొట్టు రక్తమును స్ట్రిప్పునకు తాకించిన, కొన్ని సెకండ్లలో అంకె కనబడును. పరీక్షకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొని తుడుచుకొనవలెను. బెల్లము గాని మామిడిపండు గాని ముట్టిన చేతితో చూచినచో లేని చక్కెర యున్నట్లు చూపును. స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి యుంచవలెను. ఎండకును తేమకును అవి చెడును. మంచి యంత్రమునకును ప్రయోగశాలకును నూటికి 15 వఱకు భేదము రావచ్చును. కావున ఒక్క అంకెను చూచి బెదరవలదు. అంకెల వరుసను చూడుడు. చేతికి అంటించుకొని రెండు వారములు పనిచేయు సెన్సారులు కూడ వచ్చినవి. అవి రేయింబవళ్లు చక్కెర హెచ్చుతగ్గులను సెల్‌ఫోనులో గీతగా చూపును.

రెండు పరిశీలనలు

చెన్నైలోని డాక్టరు ఎ. రామచంద్రన్ గారును వారి సహచరులును, వ్యాధి అంచుననున్న 537 మంది పనివారగు పురుషులను రెండు జట్లుగా చేసిరి. అందఱికిని మొదట ఆహార వ్యాయామములను గూర్చి బోధించిరి. ఒక జట్టునకు మాత్రము అటుపై రెండేండ్లు సెల్‌ఫోనునకు చిన్నచిన్న సందేశములు పంపుచు వచ్చిరి. 2013లో ప్రకటించిన ఫలితము ప్రకారము, సందేశములు అందనివారిలో నూటికి 27 మందికి మధుమేహము వచ్చెను. అందినవారిలో నూటికి 18 మందికే వచ్చెను.

పశ్చిమ గోదావరి జిల్లా గ్రామములలో మఱియొక పరిశీలన జరిగి 2019లో ప్రకటింపబడినది. అది రక్తపుపోటునకు సంబంధించినది. ఆశా కార్యకర్తలకు టాబ్లెట్టు యంత్రములిచ్చి, ఎవరికి గుండెజబ్బు ప్రమాదము హెచ్చుగా నున్నదో లెక్కకట్టించి వైద్యుల యొద్దకు పంపించిరి. అయినను రక్తపుపోటు అదుపునకు వచ్చుటలో, యంత్రములున్న గ్రామములకును లేని గ్రామములకును చెప్పదగిన భేదము కనబడలేదు.

ఈ రెండును వేఱువేఱు వ్యాధులకు చెందినవైనను ఒక సంగతిని మాత్రము మనకు తెలుపుచున్నవి. ప్రమాదము తెలియుట వేఱు, దినచర్య మాఱుట వేఱు. అంకె తెలిసిన తరువాత ఏమి చేయవలెనో నేర్చి, దానిని నిత్యము గుర్తుచేసికొన్నప్పుడే ఫలము.

అంకెతో చేయవలసిన పని

రెండు మళ్లలో రెండు రకముల విత్తనము వేసి పంటను పోల్చుట రైతునకు క్రొత్త కాదు. ఆ విద్యనే భోజనమునందును చూపుడు. ఒకనాడు ఎప్పటివలె అన్నము తిని, భోజనమునకు ముందును, మొదలిడిన రెండు గంటల తరువాతను పరీక్షించి వ్రాసికొనుడు. మఱునాడు అదే వేళకు కంచమున సగము కూరలు, పావువంతు పప్పు, పావువంతు అన్నము పెట్టుకొని తిని మరల చూడుడు. ఇంకొకనాడు భోజనానంతరము పావుగంట నడచి చూడుడు. మీ దేహమునకు ఏది మేలో మీ పుస్తకమే చెప్పును. రాగిసంకటియు జొన్నరొట్టెయు మంచివే. కాని కొలత మీఱినచో అవియు చక్కెరను పెంచును. చక్కెరకు బదులు బెల్లము వాడిన దోషము లేదనుట పొరపాటు.

తేది, వేళ, తిన్నది, చేసిన పని, వేసికొన్న మందు, అంకె అను ఆఱు గడులు గీసికొనిన చాలును. ఆ పుటను ఫోనుతో ఫొటో తీసి వైద్యునకు చూపవచ్చును. కేంద్రప్రభుత్వము 2019లో ప్రారంభించిన ఈ-సంజీవని ద్వారా ఆరోగ్య కేంద్రమునుండియే దూరముననున్న వైద్యునితో మాటలాడు వీలు కలదు. మందుల కొలతను మాత్రము మీ యంతట మీరు మార్చుకొనరాదు.

పొలమున జాగ్రత్తలు

ఇన్సులిను గాని కొన్ని రకముల మాత్రలు గాని వాడువారు ఆకలితో నాగలి పట్టినను నాట్లు వేసినను చక్కెర 70కి దిగిపోవచ్చును. చెమట, వణకు, ఆకలి, తికమక దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలుపుకొని త్రాగి, పావుగంటకు మరల పరీక్షించుకొనవలెను. స్పృహ తప్పినవాని నోట ఏదియు పోయరాదు, ఆసుపత్రికి చేర్చవలెను. పొలమునకు పోవునపుడు చద్దిమూటతోపాటు చక్కెర పొట్లమును ఉంచుకొనుడు.

నరములు మొద్దుబారిన పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. ఆ చిన్న పుండే ముదిరి కాలు తీయవలసిన స్థితికి తెచ్చును. ఏ యంత్రమును దీనిని చూపదు. ప్రతిరాత్రియు పాదముల అడుగు భాగమును అద్దముతో గాని, ఇంటివారిచేత గాని చూపించుకొనవలెను.

ఫోనులోని మోసములు

మంచి మాటను తెచ్చు ఫోనే చెడ్డమాటను తెచ్చును. “నలువది దినములలో షుగరును సమూలముగ పోగొట్టెదము, మందులు మానుడు” అని చెప్పువారి మాట వినకుడు. ఇన్సులిను తప్పనిసరియైన వారు దానిని మానినచో కొలదిదినములలోనే ప్రాణాపాయము కలుగును.

సంఘము చేయదగినది

నెలకొకసారి సమావేశానంతరము అరగంట ఈ పాఠమునకు కేటాయించి, ఆశా కార్యకర్తను గాని నర్సును గాని పిలిపింపవచ్చును. చదువు రాని సభ్యులకు లెక్క వ్రాసిపెట్టుటకు చదువుకొను పిల్లలను నియమింపవచ్చును. సంఘము తరపున గ్లూకోమీటరు కొన్నచో, ఒకరికి గ్రుచ్చిన సూదిని మఱియొకరికి వాడరాదు. రక్తమువలన కామెర్లు మొదలగు జబ్బులు అంటును.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. ఇంటి పరీక్షకును హెచ్‌బీఏ1సీకిని భేదమేమి?
2. చేతులు కడుగక పరీక్షించిన ఏమగును?
3. పొలమున చక్కెర పడిపోయిన గుర్తులేవి? చేయవలసినదేమి?
4. మన గ్రామమున 30 ఏండ్లు దాటియు పరీక్ష చేయించుకొననివారు ఎందఱు? వారిని ఎవరు పిలుచుకొని పోవుదురు?

నాలుగవ ప్రశ్నకు జవాబును పేర్లతో సహా వ్రాసికొని మఱుసటి సమావేశమునకు తెచ్చినచో ఈ పాఠము సార్థకమగును.