రెండు సిస్టములుగల కంప్యూటరునందు తెర నల్లబడుట

మన విద్యార్థులు బెలుం గుహలు చూచివచ్చిన సంగతి ఈ సంచిక చదువువారికి తెలిసినదే. కొలిమిగుండ్ల సమీపమున భూగర్భములో 3229 మీటర్ల పొడవుగా కొలువబడిన ఆ గుహలను గూర్చి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర వ్రాసెను. 1982, 1983 సంవత్సరములలో జర్మను పరిశోధకులు లోనికి దిగి కొలతలు తీసిరి. 2002లో అవి ప్రజల దర్శనార్థము తెరువబడెను. సింహద్వారము మొదలు పాతాళగంగవరకు మన పిల్లలు తీసిన ఛాయాచిత్రములన్నియు పాఠశాలలోని యొక కంప్యూటరునందు ఉంచబడినవి. వానిని గూర్చి తెలుగు వ్యాఖ్యానముతో నొక చిన్న చలనచిత్రము కూర్చి, వార్షికోత్సవమునాడు ప్రొజెక్టరుపై చూపవలెనని పదవ తరగతివారి సంకల్పము. ఉత్సవమునకు ఆరు దినములున్నవనగా ఆ కంప్యూటరు తెర నల్లబడెను. దానిని సరిచేసిన విధమును ఇందు వ్రాయుచున్నాను. ఇంటిలో ఇట్టి యంత్రముగల తలిదండ్రులకును ఇది యుపకరింపవచ్చును.

మొదట కారణము చెప్పవలెను. ఆ యంత్రములో విండోసు 10 అను సిస్టము ఉండెను. దానికి ఉచితముగా వచ్చుచుండిన రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోసు 11 పెట్టుదమన్నచో మా యంత్రపు ఇంటెల్ ప్రాసెసరు ఏడవ తరమునది. ఆ సిస్టము సామాన్యముగా ఎనిమిదవ తరమునుండియే అంగీకరించును. మంచి యంత్రమును పారవేయుటకు మనసొప్పక, క్రొత్త డిస్కు నొకదానిని చేర్చి, అందు ఉబుంటు అను లినక్సు సిస్టమును స్థాపించితిమి. లినక్సు 1991లో ఫిన్లాండు విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించినది. ఉబుంటు 2004 మొదలు వెలువడుచున్నది. మన హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లినక్సును తెలుగులో వాడుకొనునట్లు చేయుటకై పాటుపడిరనుట మన పిల్లలు తెలిసికొనదగిన విషయము. ఇట్లు ఒకే యంత్రములో రెండు సిస్టములుంచి, తెరచునపుడు కావలసినదానిని ఎన్నుకొనుటను డ్యూయల్ బూట్ అందురు.

స్థాపన నిర్విఘ్నముగా ముగిసెను. యంత్రమును మరల తెరవగా రెండు సిస్టముల పట్టిక కనబడెను. ఉబుంటును ఎన్నుకొంటిమి. దాని గుర్తు ఒక నిమిషము మెరసి మాయమై, తెర కాటుకవలె నల్లనయ్యెను.

వెంటనే సలహాలు మొదలయ్యెను. బజారులో యంత్రములు బాగుచేయు నొకరు డిస్కులన్నియు తుడిచి మొదటినుండి పెట్టుమనిరి. ఇంకొకరు గ్రాఫిక్సు కార్డు చెడినది, క్రొత్తది కొనుమనిరి. అప్పుడు నా గుండె ఝల్లుమన్నది. ఏలయనగా గుహల చిత్రములు ఆ యొక్క డిస్కులో తప్ప మరెచ్చటను లేవు! ఇది మా తప్పు, యంత్రముది కాదు. కాబట్టి మేము చేసిన మొదటి పని మరమ్మతు కాదు. పట్టికలో విండోసును ఎన్నుకొని తెరచి, చిత్రములన్నిటిని పెన్‌డ్రైవులోనికి ప్రతిచేసితిమి. ఆ ప్రయత్నములోనే సగము జవాబు దొరకెను. విండోసులో తెర చక్కగా వెలుగుచున్నది గనుక కార్డును, తీగయు, మానిటరును బాగుగనే యున్నవి. దోషము ఉబుంటు ఆ కార్డుతో మాటలాడు విధమునందే యుండవలెను.

ఇచ్చట డ్రైవరు అనగానేమో తెలియవలెను. పూర్వము కలెక్టరు దొరకును రైతునకును నడుమ దుబాసి యుండెడివాడు. దొర మంచివాడే, రైతు మంచివాడే, కాని దుబాసికి ఒకరి భాష సరిగా రానిచో విన్నపము పాడగును. సిస్టమునకును కార్డునకును నడుమనున్న దుబాసియే డ్రైవరు. మా కార్డు ఎన్విడియా కంపెనీవారి జీటీఎక్స్ 1050, 2016లో వెలువడినది. ఆ కంపెనీ తన కార్డుల మర్మములను చాలకాలము వెల్లడింపలేదు. స్వచ్ఛంద పరిశ్రమకులు ఆ కార్డులు పనిచేయు తీరును పరిశీలించి పరిశీలించి నూవో అను డ్రైవరును తామే వ్రాసిరి. క్రొత్తగా పెట్టిన ఉబుంటు మొదట దానినే వాడును. అది కొన్ని కార్డులతో కుదురును, కొన్నిటితో తడబడును.

ఆ దుబాసిని ఒక్కసారికి ప్రక్కకు తప్పించు ఉపాయము కలదు. పట్టికలో ఉబుంటుపై నిలిచి ‘ఈ’ అను అక్షరపు మీటను నొక్కినచో కొన్ని పంక్తులు కనబడును. వానిలో లినక్సు అను మాటతో ప్రారంభమగు పంక్తి చివర నోమోడ్‌సెట్ అను మాటను ఆంగ్లపు చిన్న అక్షరములతో, నడుమ ఎడములేక వ్రాసి, ఎఫ్10 నొక్కవలెను. అప్పుడు నూవో పనికి దిగదు. సాధారణమైన తెర వచ్చును. ఈ మార్పు ఆ యొక్క పర్యాయమునకే గాని నిలువదు. మా తెర వెలిగెను. అక్షరములు మొద్దుగా నున్నవి, ప్రొజెక్టరు పలుకలేదు. అయినను చీకటి పోయినది; పిల్లలు చప్పట్లు కొట్టిరి.

ఇచ్చటనే తొందర వచ్చినది. నేను భోజనమునకు పోయి వచ్చులోపల ఒక చురుకైన విద్యార్థి ఎన్విడియావారి స్థలమునుండి అన్నిటికంటె క్రొత్త డ్రైవరును దింపి స్థాపించెను. మరల తెరచినను పని జరుగలేదు. విచారింపగా రెండు దోషములు కనబడెను. యంత్రములో సెక్యూర్ బూట్ అను కావలి యున్నది. ముద్రలేని భాగమును అది లోనికి రానీయదు. అబ్బాయి కట్టిన డ్రైవరునకు ముద్ర లేదు. ఒకవేళ ముద్ర యున్నను ఫలము లేదు. ఏలయనగా మాది పాస్కల్ తరగతి కార్డు, వానికి 580వ శ్రేణియే కడపటిది. తరువాతి శ్రేణులు ఆ కార్డులను విడిచిపెట్టినవి. మందు క్రొత్తదైనంత మాత్రమున రోగికి సరిపడునా?

సెక్యూర్ బూట్‌ను తీసివేసిన సరి యని మరియొకరనిరి. అది చాలమంది చేయు పనియే. కాని మా విండోసు భాగమునకు బిట్‌లాకర్ అను తాళము వేయబడియుండెను. కావలిని మార్చినచో ఆ తాళము అనుమానించి 48 అంకెల సంఖ్యను అడుగవచ్చును. ఆ సంఖ్య ఎవరివద్దను వ్రాసియుండలేదు. పాఠశాల లెక్కలన్నియు ఆ తాళమువెనుకనే యున్నవి! కావలిని ముట్టకుము అని కఠినముగా చెప్పితిని.

దింపిన డ్రైవరును దాని తొలగింపు ఆజ్ఞతోనే తీసివేసితిమి. నోమోడ్‌సెట్‌తో మరల తెరచి, ఇంటర్నెట్టు కలిపి, ఉబుంటులోనే అడిషనల్ డ్రైవర్స్ అను చోటికి పోయి, మా కార్డునకు చూపబడిన 580వ శ్రేణిని ఎన్నుకొంటిమి. ఉబుంటువారు ఇచ్చునది వారి ముద్రతోనే వచ్చును గనుక కావలి అడ్డగింపలేదు. కొన్ని యంత్రములలో డ్రైవరు అక్కడనే కట్టబడి, సంకేతపదమును పెట్టుమని అడుగును. అట్లయినచో తరువాత తెరచినప్పుడు వచ్చు నీలిరంగు తెరను దాటవేయక, ముద్రను చేర్చుకొను వాక్యమును ఎన్నుకొని ఆ పదమును వ్రాయవలెను. అది కొన్ని క్షణములు మాత్రమే నిలుచును.

ఈసారి నోమోడ్‌సెట్ లేకయే తెరచితిమి. తెర నిండుగా వచ్చెను, ప్రొజెక్టరును వెలిగెను. ఒక్క చిక్కు మిగిలెను. విండోసు డిస్కులోని చిత్రములు కనబడుచున్నవి గాని అచ్చట ఏమియు వ్రాయనీయలేదు. విండోసులోని ఫాస్ట్ స్టార్టప్ వలన ఆ సిస్టము పూర్తిగా మూతపడక సగము నిద్రలో నుండును. ఆ స్థితిలో డిస్కును మార్చుట క్షేమము కాదని ఉబుంటు నిరాకరించును. విండోసులోనికి పోయి ఆ యేర్పాటును తీసివేసితిమి.

ఉత్సవమునాటి సాయంకాలము పాతాళగంగ చిత్రము తెరమీద వచ్చినప్పుడు, వెనుక వరుసలో కూర్చున్న యొక తాతగారు అది తన యూరి దగ్గరిదేనని గట్టిగా చెప్పిరి. డ్రైవరును దింపిన ఆ విద్యార్థియే ప్రొజెక్టరు నడిపెను. 48 అంకెల సంఖ్య ఇప్పుడు ప్రధానోపాధ్యాయులవారి బీరువాలో కాగితముపై వ్రాసియున్నది.