తాతగారి కారుకు ఏ నంబరు ప్లేటు?

రాజమహేంద్రవరం

అమ్మలూ,

మీ తాతగారి అంబాసిడర్‌కి టింకరింగు, పెయింటింగు అయిపోయాయనీ, ఇక నంబరు ప్లేట్లే బాకీ అనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆన్‌లైన్లో వెండి అక్షరాల నల్ల ప్లేట్లు చూసి ముచ్చటపడ్డావట. ఆ ఆర్డరు ఇంకా పెట్టకపోతే కాస్త ఆగు. అవి ఇంగ్లండు ప్లేట్ల తీరువి. రేకు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా వచ్చేలా మిషను మీద నొక్కి చేస్తారు. అక్కడి పాత కార్లకు అవి అందమే. కాకినాడలో పుట్టి పెరిగిన బండికి మాత్రం అరువు చొక్కాలా ఉంటాయి.

ముందు సీ బుక్కు తీసి మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, నంబరు చూడు. ఆ బండి 1968 నాటిది. కాబట్టి 'ఎ'తో మొదలయ్యే మూడు ఇంగ్లీషు అక్షరాలు, వాటి వెనక అంకెలు ఉంటాయి. 1939 చట్టం రోజుల్లో మన రాష్ట్రపు వరస అది. ఏపీ 05 అంటే తూర్పు గోదావరి, ఏపీ 09 అంటే హైదరాబాదు అనే లెక్క 1989 జులైలో కొత్త చట్టం అమల్లోకి వచ్చాక మొదలైంది. పాత కార్ల షోలో పాతగా కనిపించాలని ఇష్టమొచ్చిన మూడక్షరాలు రాయించేవాళ్లు ఉన్నారు. అది నాకు అస్సలు నచ్చదు. కాలానికి తగ్గ ప్లేటంటే ఆ బండికి నిజంగా ఇచ్చిన నంబరు, ఆ కాలంలో రాసిన తీరులో ఉండాలి. నంబరే అబద్ధమైతే ఎంత చక్కగా రాయించినా దండగ. అంకెలు నాలుగు లేకపోతే ముందు సున్నాలు కూడా చేర్చకు. 47 అంటే 47 అనే రాసేవాళ్లు.

పాత సినిమాలు చూసి నకలు తియ్యాలనుకుంటే ఒక జాగ్రత్త. అరవైల్లో మన సినిమాలు ఎక్కువగా మద్రాసులో తీసినవి. వాటిలో రోడ్డు మీద తిరిగే కార్లూ అక్కడివే, 'ఎం'తో మొదలయ్యే మద్రాసు నంబర్లే. రాత ఎలా ఉండేదో చూడ్డానికి అవి పనికొస్తాయి, అంతవరకే. అంతకంటే మంచి ఆధారం మీ ఇంట్లోనే ఉంది. మీ అమ్మానాన్నల పెళ్లి ఆల్బం తియ్యి. పూలు కట్టిన ఆ బండి ముందు మేమంతా నిలబడి తీయించుకున్న ఫోటోలో బంతిపూల దండ నంబరును సగం కప్పేసింది కానీ, అప్పగింతలప్పుడు వెనకనుంచి తీసినదాంట్లో డిక్కీ మీద ప్లేటు స్పష్టంగా ఉంటుంది. పైన అక్షరాలు, కింద అంకెలు, రెండు వరసలు. ఆ ఫోటోని పెద్దది చేయించు.

ఇక రంగు. ఇప్పుడు సొంత బండికి తెల్ల ప్లేటు, నల్ల అక్షరాలు; టాక్సీకి పసుపు ప్లేటు. అప్పట్లో సొంత బండికి నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు ఉండేవి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది కిరాయి బండి. ఈ పద్ధతి మారింది 2000 తర్వాతే. అందుకే తెల్ల ప్లేటు తగిలించిన 1968 అంబాసిడర్‌ని చూస్తే మా వయసువాళ్లకు చప్పున టాక్సీ అనిపిస్తుంది. నలుపు మీద పసుపు అక్షరాలు పాతకాలంవిలా ఉంటాయని కొందరు మోజుపడతారు. అది ఇవాళ మనమే నడుపుకునే అద్దె కార్ల రంగు. దాని జోలికి పోకు.

రాత గురించి కాస్త ఎక్కువే చెప్తాను. అప్పట్లో మన ఊళ్లలో ప్లేట్లు రాసింది బోర్డు ఆర్టిస్టులు. షాపుల బోర్డులు రాసిన చేతులే అవి. రేకుకి ప్రైమరు కొట్టి, నల్ల ఎనామిల్ రెండు పూతలు వేసి, ఆరాక సుద్దముక్కతో పైనొక గీత, కిందొక గీత లాగేవాళ్లు. ఎడమచేత్తో పట్టుకున్న కర్ర మీద కుడి మణికట్టు ఆనించి, ఊపిరి బిగబట్టి కుంచెను ఒక్క ఊపులో దించేవాళ్లు. ఒకరి మూడంకెకు తల గుండ్రంగా ఉంటుంది, ఇంకొకరిది బల్లపరుపుగా ఉంటుంది. అక్షరాల మధ్య కొందరు చుక్కలు పెట్టేవాళ్లు, కొందరు చిన్న గీత గీసేవాళ్లు. పక్కనుంచి వెలుతురు పడితే రంగు మందం తెలుస్తుంది, కుంచె ఎక్కడ ఆగిందో కూడా తెలుస్తుంది. కంప్యూటర్లో కోసి అతికించే రేడియం స్టిక్కరులో అవేవీ ఉండవు. నా మాట వింటే చేత్తోనే రాయించు.

కొత్తది రాయించేముందు ఇప్పుడు బండికున్న తెల్ల ప్లేటు విప్పి చూడు. చాలామంది రంగు మార్చమన్నప్పుడు కొత్త రేకు కొనలేదు, పాతదాని మీదే తెల్లరంగు వేయించేశారు. వేలికొసతో మెల్లగా తడిమితే లోపలి అక్షరాల అంచులు తగలొచ్చు. తగిలితే సన్నరకం వాటర్ పేపరు తడిపి ఒక మూల మాత్రం రుద్దు, రంగు కరిగించే మందులు వద్దు. కింద పాత నలుపు బయటపడిందా, ఇక నీకు కొత్త ప్లేటు అక్కర్లేదు. అక్కడక్కడా పెచ్చులూడినా, తుప్పు మచ్చలున్నా దాన్ని అలాగే ఉంచు. బండి కొత్తగా తళతళలాడుతున్నా సరే.

ఇంత చెప్పి చట్టం సంగతి చెప్పకపోతే తప్పు. బ్రిటన్‌లో 1980కి ముందు తయారైన కారు చారిత్రక వాహనాల పన్ను తరగతిలో ఉంటే నల్ల ప్లేటుతో దర్జాగా రోడ్డెక్కొచ్చు. మనకు ఆ వెసులుబాటు లేదు. రోడ్డు మీద ఇప్పటి నిబంధనల ప్లేటే ఉండాలి: ఇంగ్లీషు అక్షరాలు, కారుకైతే 65 మిల్లీమీటర్ల ఎత్తు, రాత్రిపూట వెనక నంబరు పదిహేను మీటర్ల దూరానికి కనబడేలా తెల్లటి దీపం. హై సెక్యూరిటీ ప్లేటు సంగతి మీ ఆర్టీఓ ఆఫీసులో కనుక్కో. దాని తాళాలు ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప రావు కాబట్టి నల్ల ప్లేటును కొక్కేలతో దాని ముందు తగిలేలా చేయించు. షో జరిగే ఆవరణలోకి వెళ్లాక తగిలించు, గేటు దాటి బయటకొచ్చే ముందు తీసెయ్యి. ఈ విషయంలో బద్ధకం పనికిరాదు.

మీ అమ్మ ఇంకోమాట అంది, బండిని హైదరాబాదు తెచ్చుకుంటానన్నావని. అక్కడే నాకు భయం. కాకినాడ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, హైదరాబాదు తెలంగాణలో ఉంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు వేయించుకోవాలని చట్టం. అంటే మీ తాతగారి నంబరు పోయి, 2024 మార్చిలో మొదలైన టీజీ వరసలో ఏదో వస్తుంది. సరదాకి తీసుకెళ్లి తిప్పి తెచ్చెయ్యి, ఉండటం మాత్రం కాకినాడ ఇంట్లోనే ఉండనియ్యి.

2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటి, అసలు రూపు చెడకుండా, సొంతానికి వాడుకునే బండి అయితే ఆ కింద నమోదు చేయించుకోవచ్చు. ఇప్పటికే నంబరున్నవాటికి పాత నంబరు ఉంచుతారు. 'వీఏ' అక్షరాలుండే కొత్త వరస కొత్తగా రిజిస్టరయ్యే బండ్లకు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆ నమోదు తర్వాత షోలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప మామూలు తిరుగుడుకి బండి తియ్యకూడదు. మీ తాతగారు బండి కొన్న వారంలో పూజకి అన్నవరం తీసుకెళ్లారు. నువ్వూ అమ్మానాన్నల్ని ఎక్కించుకుని కొండకు వెళ్లాలనుకుంటే ఇప్పుడున్న మామూలు రిజిస్ట్రేషనే గడువు దాటకుండా రెన్యువల్ చేయించుకుంటూ ఉండు. నేనైతే అదే చేస్తాను.

ఇక్కడ బోర్డులు రాసే ఆయన ఒకరు ఇంకా పనిచేస్తున్నారు. చెయ్యి వణకదు. దసరా గిరాకీ మొదలైతే దొరకరు. సీ బుక్కు మొదటి పేజీ, ఆ పెళ్లి ఫోటో పంపించు. పాత ప్లేటు పొడవు, వెడల్పు, బోల్టు కన్నాల మధ్య దూరం టేపుతో కొలిచి మిల్లీమీటర్లలో రాయి. ముందుదీ వెనకదీ విడివిడిగా.

బావగారిని అడిగానని చెప్పు.

మీ మావయ్య