చెవి క్రింద గడ్డ: అన్నియు గవదలు కావు

మా నూజివీడు ప్రాంతమున మామిడి కోతల కాలములో, చెవి క్రిందనో దవడ క్రిందనో వాపుతో వచ్చువారిని నేను మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: “కొత్త ఆవకాయ ముద్ద నోట పెట్టగానే వాపు పెరుగుచున్నదా?” పులుపు తగులగానే ఉబ్బి, కొంతసేపటికి తగ్గినచో అది తరచుగా లాలాజల నాళములో చిక్కుకొన్న రాయి. జ్వరముతో, నొప్పితో ఉబ్బి, వారము పది దినములలో తీసిపోవునది గవదబిళ్లలు. ఈ రెండింటికి భిన్నముగా, నొప్పి లేక, నెలల తరబడి నిదానముగా పెరుగు గడ్డ మూడవది. ఇది అరుదు. అయినను ఉపేక్షింపరానిది ఇదియే. పెద్దవారికి ఒకవైపున మాత్రమే వాపు వచ్చి మూడు వారములు దాటినచో దానిని గవద అని సరిపెట్టుకొనరాదు.

లాలాజల గ్రంథులలో పెద్దవి మూడు జతలు. వీనిలో చెవి ముందునుండి దవడ మూల వరకు వ్యాపించిన పేరోటిడ్ గ్రంథియందే ఎక్కువ గడ్డలు పుట్టును. అందు సుమారు 80 శాతము క్యాన్సరు కానివి. గ్రంథి చిన్నదైన కొలది క్యాన్సరు పాలు పెరుగును కనుక, అంగిటిమీద గాని నాలుక క్రింద గాని లేచిన గడ్డను తేలికగా చూడరాదు. ముఖమును కదలించు నాడి పేరోటిడ్ గ్రంథి నడుమగా సాగును. మూతి వంకరపోవుట, కన్ను మూతపడకుండుట, గడ్డ హఠాత్తుగా పెరుగుట క్యాన్సరును శంకింపవలసిన గుర్తులు.

అల్ట్రాసౌండు తీసి, సన్నని సూదితో కణములను గ్రహించి పరీక్షింతురు. లోతు తెలియవలెనన్న ఎం.ఆర్.ఐ. అవసరమగును. గడ్డను కోసి ముక్క తీయుట సాధారణముగా మానుదురు. కణములు చెదరును, నాడి తెగవచ్చును.

వీనిలో మిక్కిలి తరచైన ప్లియోమార్ఫిక్ అడినోమా క్యాన్సరు కాదు. పైకి నున్నగా కనబడినను దాని పొరనుండి సూక్ష్మమైన మొలకలు వెలుపలికి చొచ్చియుండును. గడ్డను మాత్రము ఒలిచి తీసినచో సంవత్సరముల తరువాత మరల లేచును. అందుచే నాడిని కాపాడుచు, చుట్టునున్న గ్రంథిభాగముతో సహా తీయుదురు. శేషము మిగిలిన అర్బుదము మరల పుట్టునని సుశ్రుతుడు చికిత్సాస్థానములో ఏనాడో చెప్పియుండుట గమనార్హము. వదలివేసినచో కొన్ని కాలక్రమమున క్యాన్సరుగా మారును. క్యాన్సరైనచో శస్త్రచికిత్స పిమ్మట పలువురకు రేడియేషన్ కూడ ఇత్తురు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి వంటి చోట్ల ఈ చికిత్స కలదు.

పసుపు సున్నము పట్టు, మామిడి జీడి గడ్డలపై పూయుట మా పల్లెలలో కలదు. నేను దీనిని గట్టిగా వారింతును. చర్మము పొక్కును, గడ్డ కరుగదు, కాలము మాత్రము గడచిపోవును. ఇంటి వైద్యమునకు చోటు రేడియేషన్ పిమ్మట నోరెండినప్పుడు కలదు: మాటిమాటికి గుక్కెడు నీరు, మెత్తగా కలిపిన పెరుగన్నము, భోజనానంతరము ఉప్పునీటి పుక్కిలింత. ఆవకాయ, చింతపండు పులుపు నోటిపూత తగ్గువరకు మానవలెను. లాలాజలము తగ్గినచో పండ్లు త్వరగా పుచ్చును గనుక ఫ్లోరైడు పేస్టుతో రెండు పూటల తోముకొని, దంతవైద్యునికి చూపించుకొనుచుండవలెను.