ట్రాక్టరు హెచ్చరిక దీపములు : వెలుగక ముందు, వెలిగిన తరువాత



కాలువలకు నీరు వదలిన తరువాత దమ్ము పని ఊరంతటికి ఒక్కసారే వచ్చిపడును. ఆ రోజులలో మీ ట్రాక్టరు ఒక్క పూట నిలిచినచో నష్టము ఆ పూటతో తీరదు. చేనికి మరల నీరు పెట్టుకొనవలెను, నారుమడిలో నారు ముదురును, మాట యిచ్చిన నాటు కూలీలు వేరొకరి చేనికి పోవుదురు. ఇంజను సీజు అయినచో చెప్పనే అక్కర లేదు. దానిని విప్పి, క్రాంకు షాఫ్టును గ్రైండింగు చేయించి, బేరింగులు మార్చి తిరిగి బిగించుకొనునప్పటికి నాట్లే దాటిపోవచ్చును. బ్యాంకు వాయిదా మాత్రము ఆగదు.

ఇట్టి చెడుపులు చాలవరకు చెప్పకుండ వచ్చునవి కావు. స్టీరింగు ముందున్న పలకపై గేజీలు, దీపములు అమర్చినది అందులకే. అయితే ఒక విషయము గుర్తుంచుకొనవలెను. దీపము వెలిగినదనగా చెడుపు రాబోవుచున్నదని కాదు, వచ్చి వాకిట నిలిచినదని అర్థము. అంతకు ముందే దానిని కనుగొనవలెనన్నచో ఉదయమున పది నిమిషములు ట్రాక్టరు చుట్టూ తిరిగి చూడవలసినదే. ఇక దీపము వెలిగిన తరువాత ఏమి చేయవలెననునది ఆ దీపమునుబట్టి మారును. ఒక దీపమునకు వెంటనే ఇంజను ఆపవలెను. మరియొక సమయమున వెంటనే ఆపుట తగదు. ఈ భేదము తెలియకనే పలువురు నష్టపోవుచున్నారు.

తాళము తిప్పగానే చూడవలసినది

ఇంజను స్టార్టు చేయక ముందు తాళమును ఒక మెట్టు తిప్పి ఆపుడు. అప్పుడు ఆయిలు దీపము, బ్యాటరీ దీపము రెండును వెలుగవలెను. స్టార్టు అయిన కొద్ది సెకండ్లలో రెండును ఆరిపోవలెను. ఇంజను ఆగియుండగా దీపము వెలుగనిచో సంతోషింపకుడు. బల్బు మాడియుండవచ్చును, వైరు ఊడియుండవచ్చును. అట్టి ట్రాక్టరు చేనిలో ఆయిలు లేక మాడిపోవుచున్నను మీకు తెలియదు. మాటిమాటికి వెలుగుచున్నదని విసిగి వైరు పీకివేసినవారును కలరు. పాత ట్రాక్టరు కొనబోవువారు రంగు, టైర్లు చూచుటకు ముందు ఈ దీపములు వెలిగి ఆరుచున్నవో లేదో చూచుకొనుట మేలు.

సాధారణముగా ఎర్ర దీపము వెంటనే చూడుమనియు, పసుపు దీపము త్వరలో చూడుమనియు చెప్పును. ఆకుపచ్చ, నీలము దీపములు లైట్లు, ఇండికేటర్లు పనిచేయుచున్నవని తెలుపునవి మాత్రమే.

ఆయిలు దీపము

పని చేయునపుడు ఈ ఎర్ర దీపము వెలిగినచో మరొక ఆలోచన లేకుండ క్లచ్ తొక్కి ఇంజను ఆపివేయవలెను. గట్టు దాక నడిపించుకొని పోదమని, ఈ ఒక్క చాలు ముగింతమని అనుకొనరాదు. క్రాంకు షాఫ్టు తిరుగుచోట ఇనుము ఇనుమును తాకదు. రెంటి నడుమ పలుచని ఆయిలు పొర ఉండును. పంపు ఒత్తిడితో నెట్టుచున్నంతవరకే ఆ పొర నిలుచును. ఒత్తిడి పోయిన కొద్దిసేపటికే బేరింగు కరుగ నారంభించును. గట్టు దాక నడిపిన ఆ నూరు గజములే ఇంజనును పోగొట్టవచ్చును.

ఈ దీపము ఆయిలు కొలతను చెప్పదు, ఒత్తిడిని మాత్రమే చెప్పును. ఒక లీటరు తగ్గినను సమమైన నేలపై దీపము వెలుగకపోవచ్చును. ట్రాక్టరు గట్టు ఎక్కి ఒక ప్రక్కకు ఒరిగినపుడు పంపు గాలిని పీల్చి దీపము ఒక్కసారి మినుకుమని ఆరును. ఆ మినుకును తేలికగా తీసుకొనరాదు. కొలతను చెప్పునది డిప్‌స్టిక్కు ఒక్కటే. ట్రాక్టరును సమమైన చోట నిలిపి, ఉదయము స్టార్టు చేయక ముందు పుల్ల తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, తిరిగి పెట్టి తీసి చూడవలెను. ఆయిలు రెండు గీతల నడుమ ఉండవలెను. పై గీత దాటించి పోయుట కూడ తప్పే.

ఆయిలు తగ్గినచో అందరును గమనింతురు. పెరిగినచో గమనించువారు తక్కువ. పోయకనే ఆయిలు పెరిగినదనగా అందులో డీజిలో నీరో కలియుచున్నదని అర్థము. పుల్లకు అంటిన ఆయిలు టీ రంగు తిరిగి నురుగుగా కనిపించినచో నీరు చేరినది. పలుచబడి డీజిలు వాసన వచ్చినచో డీజిలు చేరినది. ఆ స్థితిలో స్టార్టు చేయక మెకానిక్కును పిలువవలెను.

దీపము వెలిగి ఇంజను ఆపిన తరువాత పది నిమిషములు ఆగి పుల్ల చూడుడు. ఆయిలు తగ్గియున్నచో ఎక్కడ కారినదో వెదకి, కారుట ఆగిన తరువాతనే పుస్తకములో చెప్పిన రకము ఆయిలు పోసి స్టార్టు చేయుడు. ఆయిలు సరిగా ఉండియు దీపము వెలుగుచున్నచో తిరిగి స్టార్టు చేయరాదు. దీపపు స్విచ్చే చెడియుండవచ్చును. కాని ఆ మాట ఒత్తిడి గేజి పెట్టి చూచిన మెకానిక్కు చెప్పవలెను గాని మనము ఊహింపరాదు.

వేడి ముల్లు ఎర్ర గీతకు పోయినపుడు

ఇక్కడ చేయవలసిన పని వేరు. రోటవేటరు లాగుచున్న ఇంజనును వేడి మీద టక్కున ఆపినచో నీటి పంపు, ఫ్యాను కూడ ఆగును. లోపలి వేడి బయటకు పోవు దారి లేక హెడ్డు మరింత కాగును. కావున పి.టి.ఓ. ఆపి, గేరు తీసి, బరువు లేకుండ ఇంజనును కొన్ని నిమిషములు మెల్లగా తిరుగనీయవలెను. ముల్లు క్రిందికి దిగిన తరువాత ఆపవలెను. అయితే గొట్టము పగిలి నీరు కారిపోవుచున్నను, బెల్టు తెగినను, తిరుగనిచ్చినను ముల్లు దిగకున్నను ఇక లాభము లేదు; వెంటనే ఆపవలసినదే.

ముల్లును కూడ పూర్తిగా నమ్మరాదు. ముల్లునకు కబురు పంపు సెన్సారు నీటిలో మునిగియున్నపుడే సరిగా చెప్పగలదు. నీరంతయు కారిపోయినచో అది గాలిలో నిలిచి, ముల్లు పడిపోయి, ఇంజను చల్లగా ఉన్నట్లు చూపవచ్చును. కాలిన వాసన వచ్చుచుండగా ముల్లు చల్లగా చూపినచో వాసననే నమ్ముడు.

వేడిగా ఉన్న రేడియేటరు మూత తీయరాదు. లోపల ఒత్తిడితో ఉన్న నీరు మూత వదులుకాగానే ఆవిరియై ముఖము మీదికి ఎగయును. చేయి పెట్టగలిగినంత చల్లారిన తరువాత, మందపు గోనె గుడ్డ కప్పి, మూతను మొదటి మెట్టు వరకే త్రిప్పి ఆవిరి పోనిచ్చి అటుపిమ్మట తీయవలెను. కాగిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించినచో హెడ్డు చీలును.

వేడికి కారణము తరచు కంటికి ఎదురుగనే ఉండును. నూర్పిళ్లలోను, గడ్డి చుట్టు యంత్రము నడుపునపుడును రేడియేటరు రెక్కల నడుమ పొట్టు, నూగు పట్టి గాలి దారిని మూసివేయును. ఫ్యాను ముందునుండి గాలిని పీల్చును గనుక, ఇంజను ఆపి ఫ్యాను వైపునుండి ముందునకు గాలి కొట్టినచో చెత్త వచ్చిన దారినే పోవును. ముందునుండి కొట్టినచో లోనికి దట్టింపబడును. ఇనుప పుల్లలతో గోకి రెక్కలు వంచరాదు.

మన ప్రాంతములో మంచు గడ్డకట్టదు గదా, కూలెంటు ఎందులకని బోరు నీరు పోయుట వాడుకగా ఉన్నది. బోరు నీటిలోని సున్నము లోపలి గొట్టములకు గారగా పట్టి వేడిని పోనీయదు. కూలెంటు గడ్డకట్టుటను ఆపుటయే గాక తుప్పును ఆపును, నీరు మరుగు వేడిని పెంచును. కావున మన ఎండలకే అది ఎక్కువ అవసరము. అట్లే థర్మోస్టాటును తీసి పారవేయుట కూడ వద్దు. అది లేని ఇంజను తగిన వేడికి రాక, కాలని డీజిలు ఆయిలులో దిగి, రింగులు త్వరగా అరుగును.

బ్యాటరీ దీపము

ఈ దీపము వెలిగినచో బ్యాటరీకి ఛార్జింగు అందుట లేదని అర్థము. ఇంటికి పోయి చూచుకొందములే అనుట తొందరపాటు. అనేక ట్రాక్టర్లలో ఆల్టర్నేటరును, నీటి పంపును త్రిప్పునది ఒకే బెల్టు. బ్యాటరీ దీపము వెలిగి, వెనువెంటనే వేడి ముల్లు లేచుచున్నచో బెల్టు తెగినదని ట్రాక్టరు దిగకనే చెప్పవచ్చును. ప్రతి ఉదయము బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూడుడు. సుమారు ఒక సెంటీమీటరు, లేక కొంచెము ఎక్కువ దిగవలెను, అంచులు చీలరాదు. కొత్త బెల్టు ఒకటి పెట్టెలో ఉంచుకొనుట కొద్ది ఖర్చు. బ్యాటరీ నీరు పలకల పైన 10 నుండి 15 మిల్లీమీటర్లు ఉండవలెను. తగ్గినచో డిస్టిల్డ్ వాటరే పోయవలెను.

గాలి, డీజిలు

అనంతపురము ఎర్ర నేలలలో వేరుశనగ పనులు చేయు ట్రాక్టరు మ్రింగు దుమ్ము ఇంతంత కాదు. అట్టి చోట ఎయిర్ క్లీనరును రోజుకు రెండుసార్లు చూచినను ఎక్కువ కాదు. ఆయిలు గిన్నె రకమైనచో అడుగున మడ్డి పేరుకొనగానే కడిగి, గీత వరకు కొత్త ఆయిలు పోయవలెను. కాగితపు ఫిల్టరు రకమైనచో పసుపు దీపమో, గొట్టము మీది ఎర్ర గురుతో మూసుకొన్నదని చెప్పును. పై ఫిల్టరుకు లోపలినుండి బయటకు తక్కువ ఒత్తిడితో గాలి కొట్టుడు. నేలకు వేసి కొట్టకుడు. లోని ఫిల్టరును శుభ్రము చేయక మార్చివేయవలెను. ఇక క్లీనరునుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టము చిట్లినచో దుమ్ము వడబోత లేకనే నేరుగా లోనికి పోయి లైనర్లను అరగదీయును. దీనిని చెప్పు దీపము ఏదియు లేదు. చేతితో తడిమి, క్లిప్పులు బిగించి చూచుకొనవలసినదే.

డీజిలు ట్యాంకును సాయంత్రము పని దిగగానే నింపుట మంచిది. ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ పట్టి నీరగును. ఉదయము ఫిల్టరు అడుగు మర వదలు చేసి ఆ నీటిని తీసివేయవలెను.

50 హార్సు పవరుకు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి కొత్త పొగ నిబంధనలు వర్తించుచున్నవి. వీటిలో ఇంజను బొమ్మతో పసుపు దీపము ఉండును. అది వెలిగినచో పుస్తకము చూచి సర్వీసువారికి తెలుపవలెను. ఊరి మెకానిక్కుచే వైర్లు విప్పించుట తగదు. కొన్నింటిలో పొగగొట్టమునకు మసి పట్టు ఫిల్టరు కూడ కలదు. అది మసిని కాల్చుకొనునపుడు పొగ మిక్కిలి వేడిగా వచ్చును. ఆ సమయమున గడ్డివాము ప్రక్కన, ఎండు కసవు మీద ట్రాక్టరును నిలుపరాదు.

దమ్ము తరువాత, రోడ్డు ఎక్కునపుడు

బురదలో తిరిగిన ట్రాక్టరును ఆ సాయంత్రమే కడిగి, ముందు ఇరుసు నిప్పిళ్లకు మట్టి బయటకు వచ్చువరకు గ్రీజు కొట్టవలెను. గేరుబాక్సు ఆయిలు తెల్లబారినచో సీలు పోయి నీరు చేరినదని గ్రహింపుడు. రోడ్డు ఎక్కుటకు ముందు రెండు బ్రేకు పెడళ్లను కలుపు కొక్కెము వేయుడు. చేనిలో మలుపునకై విడదీసినదానిని మరచి, వెనుక ట్రక్కుతో ఒక ప్రక్క బ్రేకు తొక్కినచో బండి తిరగబడును. దీనికిని దీపము లేదు.

ట్రాక్టరు నడుపునది వేరొకరైనచో ఈ సంగతులన్నియు అతనికి తెలియవలెను. ఎర్ర దీపము చూచి మధ్యలో ఆపినందులకు డ్రైవరును కోపించినచో, మరుసటిసారి అతడు ఆపడు. గంటల మీటరు అంకె, పోసిన ఆయిలు, వెలిగిన దీపము ఒక నోటు పుస్తకములో ఏ రోజుకారోజు వ్రాయించుడు. ఆయిలు, ఫిల్టర్లు ఎన్ని గంటలకు మార్చవలెనో మీ ట్రాక్టరు పుస్తకములో ఉన్నది. ఆ అంకెను ఈ నోటు పుస్తకపు అట్టమీద వ్రాసికొనుడు. చేతితో చేసి నేర్చుకొనగోరువారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో ట్రాక్టరు నడుపుట, సంరక్షణలపై శిక్షణ ఇచ్చుచున్నారు.